వెంకాయమ్మ గొంతు

మాధురి పనిచేసే లైబ్రరీ నూజివీడులో బస్టాండుకు కాస్త దూరంగా, ఒక పాత పెంకుటింట్లో ఉంది. ప్రభుత్వానిది కాదు. మామిడి తోటల ఆసామి రామచంద్రరావు గారు తన తాతగారి పేరు మీద పెట్టిన ట్రస్టుది. ముందు హాల్లో పుస్తకాలు, వెనక గదిలో తోటల పాత సామాను. కాయ నేల మీద పడి దెబ్బ తినకుండా కోసే వల చిక్కాలు, కాయలు మోసిన కావిళ్ళు, రైలు పెట్టెల్లోకి మామిడి ఎక్కిస్తున్న కూలీల ఫొటోలు, ఇప్పుడు ఏ తోటలోనూ కనపడని రకాల రంగుబొమ్మలు. రామచంద్రరావు గారు ఆ గదిని మ్యూజియం అనేవారు. ఊళ్ళో వాళ్ళు సామాన్ల గది అనేవారు. పేపరు చదువుకోవడానికి వచ్చే రిటైరయిన మేస్టార్లు, పోటీ పరీక్షలకి తయారయ్యే పిల్లలు తప్ప లైబ్రరీకి వచ్చేవాళ్ళే తక్కువ. ఆ గది తలుపు తీయమని అడిగేవాళ్ళు ఇంకా తక్కువ.

అలాంటి చోటికి ఒక శనివారం జెరూషా వచ్చింది. ఏలూరులో డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతుంది. తీరిక దొరికినప్పుడల్లా, ఇంటర్నెట్‌లో జనం అందరూ కలిసి రాసుకుని అందరికీ ఉచితంగా పంచిపెట్టే విజ్ఞాన సర్వస్వం ఒకటుందే, దానికి తెలుగులో వ్యాసాలు రాస్తుంది. మామిడి గురించి రాస్తూ రాస్తూ ఫొటోల కోసం వెతుక్కుంటూ వచ్చింది. సామాన్ల గదిలో చాలాసేపు తిరిగి, బయటికొచ్చి, ఇదంతా ఇక్కడ చీకట్లో ఎందుకుండాలి, ప్రపంచమంతా చూసేలా పెడదాం అంది. మీ లైబ్రరీ, మా వాళ్ళూ కలిసి చేద్దాం అంది.

మాధురికి ఆ మాట చెవిలో పడగానే ఎవరో కిటికీ తెరిచినట్టయింది. రోజూ పుస్తకాల మీద దుమ్ము దులపడం, చెదలమందు కొట్టించడం, సాయంత్రం తాళం వేసుకుని ఇంటికి పోవడం, ఇంతే ఉద్యోగం అనుకుని సరిపెట్టుకున్న మనిషి. జెరూషాని వెంటబెట్టుకుని రామచంద్రరావు గారింటికి వెళ్ళింది. ఆయన అంతా విన్నారు. మా తాత పేరు ఉంటుందా అని అడిగారు. ప్రతి ఫొటో కిందా లైబ్రరీ పేరు ఉంటుందని జెరూషా చెప్పింది. ఒకసారి ఇచ్చాక ఎవరైనా తీసుకోవచ్చనీ, మార్చుకోవచ్చనీ, అమ్ముకునే సరుకు మీద వేసుకున్నా అడ్డు చెప్పలేమనీ, ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవడం కుదరదనీ కూడా అంతే స్పష్టంగా చెప్పింది. ఆయన నవ్వి, కావిళ్ళ ఫొటోలు ఎత్తుకుపోయి ఎవడేం బాగుపడతాడమ్మా అని సంతకం పెట్టారు.

ఆ వేసవి మాధురి జీవితంలో మంచి వేసవి. జెరూషా ఆదివారాలు వచ్చేది. ఇద్దరూ కలిసి ఒక్కొక్క వస్తువూ తుడిచి, తెల్లగుడ్డ మీద పెట్టి, ఫొటో తీసి, దాని పేరేంటో, దేనికి వాడేవాళ్ళో రాసేవాళ్ళు. చిన్నరసం గురించి మాధురి సొంతంగా ఒక వ్యాసం రాసింది. కొన్నాళ్ళకి ఎక్కడో ఉత్తరాది స్కూలు పిల్లల పాఠంలో తను తీసిన చిక్కం ఫొటో కనపడితే, భర్తకి చూపించి, పక్కింటావిడకి చూపించి, ఆ సంబరంలో ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

పాటలు రికార్డు చేద్దామన్న ఆలోచన మాత్రం మాధురిదే. తోటల్లో కోతలప్పుడు పాడే పాటలు పాడేవాళ్ళు పోతే పోయినట్టే కదా, వాటినీ ఎక్కిద్దామంది. మంచిగా పాడేవాళ్ళు ఎవరున్నారని కాయలు ఏరే షెడ్ల దగ్గర అడిగితే అందరూ చెప్పిన పేరు వెంకాయమ్మ.

వెంకాయమ్మది చాట్రాయి వెళ్ళే దారిలో ఒక పల్లె. చిన్నప్పటి నుంచి తోటల్లోనే పని. ఇప్పుడు చెట్ల కిందకి పోలేక షెడ్డులో కూర్చుని కాయలు ఏరుతోంది. దెబ్బకాయ ఒక పక్క, మంచికాయ ఒక పక్క. కూతురు దుర్గ అదే షెడ్డులో ట్రేలు మోస్తుంది. మాధురి వెళ్ళి విషయం చెబితే ముసలావిడ చేతులకంటిన సొన గోనెసంచికి తుడుచుకుంటూ, "నా గొంతు చెడిపోయింది అమ్మాయిగారూ, వయసులో ఉన్నప్పుడు వచ్చుంటే వినేవారు" అంది. అంటూనే పాడింది. చెడిపోయిన గొంతు కాదు అది. కాస్త బొంగురు పోయింది గానీ, పాట ఎత్తుకుందంటే షెడ్డులో మాటలు వాటంతట అవే ఆగిపోయేవి.

మధ్యాహ్నం కూలీలు నడుం వాల్చే వేళకి మాధురి స్కూటీ మీద వచ్చేది. ట్రే ఒకటి బోర్లించి దాని మీద ఫోను పెట్టేది. నాట్ల పాటలు, ఊయల పాటలు, కోతలప్పుడు చెట్టు మీదివాళ్ళకీ కిందివాళ్ళకీ మధ్య సాగే ఎకసెక్కాల పాటలు, ఒక్కోటీ పాడి, దాని వెనక కథ కూడా చెప్పేది వెంకాయమ్మ. మాధురికి మామ్మా అని పిలవడం అలవాటైపోయింది.

చివర్లో ఒకరోజు ఉన్నట్టుండి గాలి లేచింది. షెడ్డు రేకులు కొట్టుకున్నాయి. అందరూ బయటున్న కాయలు లోపలికి చేర్చడానికి పరుగెత్తారు. వెంకాయమ్మ మాత్రం కదలకుండా తోట వైపు చూస్తూ కూర్చుంది. ఏంటి మామ్మా అని మాధురి అడిగింది.

"మా పెద్దోడండి, నాగరాజని. దుర్గ కంటే పెద్దోడు. చెట్టెక్కితే దిగేవోడు కాదు. ఆరోజు నేను కూడు తీసుకెళ్ళా. ఇట్టాగే గాలి లేచింది. కిందికి రారా, తిందువు గాని అని పిలిచా. ఈ నాలుగు కాయలు కోసుకుని వస్తానే అన్నాడు."

అక్కడితో మాట ఆపేసింది. పాట ఎత్తుకుంది.

కొమ్మ దిగి రారా నాగరాజా, కోత అయిపోయింది రారా
కూడు చల్లారిపోయె కొడకా, కిందికి దిగి రారా

అది పాటా, ఏడుపా, పిలుపా అని విడదీసి చెప్పడం ఎవరివల్లా కాదు. కొమ్మ విరిగి కొడుకు కింద పడ్డ చోట కూర్చుని ఆరోజు ఏ మాటలతో ఏడ్చిందో ఆ మాటలే. ఏళ్ళ తరబడి లోపల తిరిగి తిరిగి పాటగా మారాయి. ట్రేలు మోసుకొస్తున్న దుర్గ గుమ్మంలోనే ఆగిపోయి, గోడ వైపు తిరిగి నిలబడింది. మాధురి చెయ్యి ఫోను దాకా వెళ్ళింది, ఆపేద్దామని. ఆపలేకపోయింది.

పాట అయ్యాక ముసలావిడ మంచినీళ్ళు తాగింది. మాధురి నెమ్మదిగా అడిగింది, మామ్మా, ఇది ఎక్కించనులే, తీసేస్తాను అని. వెంకాయమ్మ వద్దంది. ఎక్కించమంది. మాధురి జెరూషా చెప్పిన మాటలన్నీ మళ్ళీ తన భాషలో చెప్పింది. ఎవరైనా వింటారు, ఎవరైనా తీసుకుంటారు, తీసుకున్నాక మనం వద్దనలేం అని రెండుసార్లు చెప్పింది.

"వాడి పేరు ఇంకెక్కడుంది అమ్మాయిగారూ. రేషన్ కార్డులో తీసేశారు, ఓట్లలో తీసేశారు. ఫొటో కూడా లేదు. పాటలో ఉంటే ఉండనీ. నా ఏడుపు తీసుకుని ఎవరేం చేసుకుంటారు" అంది.

మాధురి ఆ రాత్రే దాని గురించి నాలుగు మాటలు రాసింది. పాడినవారు వెంకాయమ్మ అనీ, మామిడి చెట్టు మీద నుంచి పడి చనిపోయిన కొడుకు నాగరాజు కోసం పాడిన శోకమనీ రాసి, జెరూషాకి పంపింది. జెరూషా దాన్ని రెండుసార్లు వింది. మర్నాడు ఎక్కించింది.

ఆ చలికాలంలో వెంకాయమ్మ పోయింది. జ్వరమని పడుకుంది, లేవలేదు. పెద్దకర్మ నాడు మాధురి వెళితే, దుర్గ తన ఫోన్లో తల్లి పాట పెట్టి అందరికీ వినిపిస్తోంది. ముసలీ ముతకా చుట్టూ చేరి కళ్ళు తుడుచుకుంటున్నారు. దుర్గ మాధురి చేతులు పట్టుకుని, మీరు లేకపోతే మాకు అమ్మ గొంతు మిగిలేది కాదండి అంది. లైబ్రరీ ఉద్యోగంలో చేరాక తనకి అందిన అతిపెద్ద బహుమానం అదేనని మాధురి జెరూషాతో చెప్పుకుంది.

ఆ ఏడు పూత బాగా నిలిచింది. కాపు బాగుంది. కోతలు మొదలై లారీలు తిరగడం మొదలైన రోజుల్లోనే ఆ డీజే పాట కూడా మొదలైంది.

మాధురి మొదట విన్నది లైబ్రరీ ముందు రోడ్డు మీద, పెళ్ళి ఊరేగింపులో. స్పీకర్ల దడదడకి కిటికీ అద్దాలు అదురుతున్నాయి. ఏదో కొత్త పాట అనుకుంది. రెండోసారి ఆ మాటలు వచ్చినప్పుడు చేతిలో పుస్తకం బల్ల మీద పెట్టేసి లేచి నిలబడింది. కొమ్మ దిగి రారా, దిగి రారా, దిగి రారా నాగరాజా. డప్పు ఆగుతుంది, గొంతు ఒక్కటే వస్తుంది, మళ్ళీ డప్పు విరుచుకుపడుతుంది. దిగి రారా అన్నప్పుడల్లా కుర్రాళ్ళు నడుం వంచి నేల దాకా దిగి లేస్తున్నారు. ఆ గొంతులోని బొంగురు, ఆ దీర్ఘం, అవన్నీ మాధురికి తెలుసు. 

నాలుగు రోజులు తిరక్కుండానే ఎక్కడ విన్నా అదే. ఫోన్లలో అదే. ఆడపిల్లలు అదే పాటకి చిందులేసి వీడియోలు పెట్టారు. ఎవరో ఒకతను చెట్టెక్కి, దిగి రారా అనగానే దూకినట్టు చేసి నవ్వించాడు. అది చూసి ఇంకొందరు చేశారు. పాట కింద చిన్న అక్షరాల్లో గానం వెంకాయమ్మ, సేకరణ ఫలానా లైబ్రరీ అని ఉంది. అనుమతిలో రాసి ఉన్నట్టే, తు చ తప్పకుండా పేరు వేశారు.

ఒకరోజు రామచంద్రరావు గారు పొద్దున్నే ఫోన్ చేశారు. బాపులపాడులో తన బంధువులింట్లో కూడా ఆ పాటే మోగుతోందనీ, కింద తాతగారి పేరు చూసి అందరూ అడుగుతున్నారనీ, లైబ్రరీ వార్షికోత్సవానికి ఆ డీజే అబ్బాయిని పిలిపిద్దామనీ ఎంతో సంబరంగా చెప్పారు. అది దేని గురించిన పాటో మాధురి చెప్పింది.  అయ్యో, నేను దాన్ని సరసం పాటనుకున్నానమ్మా అన్నారు ఆయన. ఆ కుటుంబాన్ని పిలిచి ఒక చీర పెడదామన్నారు. మాధురి సరేనని ఫోన్ పెట్టేసింది గానీ ఆ కబురు ఎవరికీ చేరవేయలేదు.

ఆ మధ్యాహ్నమే దుర్గ వచ్చింది. షెడ్డు నుంచి సరాసరి వచ్చినట్టుంది. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకునే ఉన్నాయి. లైబ్రరీ లోపలికి ఎప్పుడూ రాలేదేమో, చెప్పులు గుమ్మం బయట విడిచి, బల్ల దగ్గర నిలబడింది. మాధురి కుర్చీ లాగి కూర్చోమంటే కూర్చోలేదు.

"మేడంగారూ, మా అమ్మ గొంతు తీసేయించండి."

మాధురి ఏదో చెప్పబోయింది. దుర్గ గొంతు పెంచలేదు. ఎవరి మీదా కోపంగా ఉన్నట్టు కూడా లేదు.

"నిన్న మా ఆడపడుచు కొడుకు పెళ్ళండి. ఊరేగింపులో పెట్టారు. మా వాళ్ళే గెంతుతున్నారు. ఆ మోతలో అది అమ్మ గొంతని వాళ్ళకి తెలవలా. నేను ఆపమంటే డీజే సౌండుకి నా మాట ఎవరికీ వినపడలా. మా అన్న శవం దగ్గర ఏడ్చిన ఏడుపండి అది. నేనక్కడే ఉన్నా. నాకు తెలుసు."

మాధురి తీయిస్తానని మాటిచ్చింది. ఎలా తీయిస్తుందో తెలియకుండానే ఇచ్చింది. 

సాయంత్రం జెరూషాకి ఫోన్ చేసింది. జెరూషా ఆ డీజే పాట అప్పటికే వింది. రెండు రోజులుగా నిద్ర పట్టడం లేదంది. ఇవ్వడమంటే ఇచ్చేయడమే మాధురి గారూ, తిరిగి తీసుకునే దారి లేదు, ఆ మాట మొదట చెప్పింది నేనే, అప్పుడు ఆ మాట ఎంత గర్వంగా చెప్పానో గుర్తొస్తే సిగ్గేస్తోంది అంది. అయినా చేయగలిగినవన్నీ ఇద్దరూ చేశారు. వీడియోలున్న ప్రతి యాప్‌లోనూ ఫిర్యాదు పెట్టారు. మీ ఫిర్యాదు పరిశీలించాం, నిబంధనల ఉల్లంఘన ఏదీ కనపడలేదు అని నిమిషాల్లో జవాబు వచ్చింది. ఏ మనిషీ చూసి ఇచ్చిన జవాబు కాదది. రామచంద్రరావు గారికి తెలిసిన వకీలు కాగితాలు తిరగేసి, వాడినవాళ్ళు పేరు వేశారు, మీరు అనుమతి ఇచ్చారు, ఇందులో కేసేముందండి అన్నాడు.

ఆ పాట కట్టిన కుర్రాడు చింతలపూడిలో ఉంటాడని తెలిసింది. పేరు సతీష్. మాధురి వెళతానంటే దుర్గ కూడా వస్తానంది. షెడ్డులో సెలవు చెప్పి, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. ఇద్దరూ బస్సెక్కారు. దారి పొడుగునా తోటలు. దుర్గ కిటికీ పక్కన కూర్చుని, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ వచ్చింది. ఆ కుర్రాడిని ఎన్ని మాటలనాలో మాధురి మనసులో కూర్చుకుంటూనే ఉంది.

సతీష్ దుకాణం బజారు చివర ఉంది. పెళ్ళిళ్ళకీ జాతర్లకీ సౌండు బాక్సులు అద్దెకిస్తాడు. ఖాళీగా ఉన్నప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని పాటలు కలుపుతాడు. ఇరవై దాటి ఉండవు. లైబ్రరీ వాళ్ళమని మాధురి చెప్పగానే ముఖం వెలిగిపోయింది. కుర్చీలు తుడిచి వేశాడు. కూల్‌డ్రింకులకి పంపించబోయాడు. మీ వెబ్‌సైట్లో పాట దొరకబట్టే కదక్కా నా పేరు పైకొచ్చింది, కాపీరైట్ గొడవ లేకుండా ఇంత మంచి గొంతు ఎక్కడ దొరుకుతుంది, అంతా చదివే తీసుకున్నాను, పేరు కూడా వేశాను చూశారా అన్నాడు. మాధురి దారంతా కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

దుర్గే చెప్పింది. ఆ గొంతు మా అమ్మది బాబూ అంది. నాగరాజు మా అన్న అంది. కొమ్మ విరిగిన సంగతి, తల్లి అన్నం గిన్నె పట్టుకుని కింద నిలబడ్డ సంగతి, ఏమీ దాచకుండా, ఏమీ పెంచకుండా చెప్పింది. సతీష్ ముఖంలో రంగు దిగిపోయింది. కింద రాసింది నేను మొత్తం చదవలేదక్కా, వాడుకోవచ్చా లేదా అన్నంత వరకే చదివాను అన్నాడు. లేచి, దుర్గ కాళ్ళ దగ్గరికి వంగబోతే ఆవిడ వెనక్కి జరిగింది. అతను మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చుని, వాళ్ళ కళ్ళ ఎదుటే తన పాటని అన్నిచోట్లా తీసేశాడు. అతనికి ఆ వేసవంతా కూడు పెట్టబోయే పాట అది. తీసేటప్పుడు ఒక్కసారి కూడా తటపటాయించలేదు.

తీసేశాక ఫోన్లో వెతికి చూపించాడు. వాళ్ళెవరో, ఎక్కడివాళ్ళో అతనికి తెలియదు. ఒకరు దాన్నే ఇంకా వేగంగా చేశారు. ఒకరు హిందీ మాటలు కలిపారు. ఒకరు ఒక పార్టీ నాయకుడి పేరు చేర్చి ఊరేగింపు పాట చేశారు. వేలు పెట్టి జరుపుతున్నకొద్దీ వస్తూనే ఉన్నాయి.

"వీటిని నేనేం చెయ్యలేను పిన్నీ" అన్నాడు దుర్గతో. "చెయ్యగలిగితే చేద్దును."

దుర్గ తలూపింది. నీ తప్పు లేదులే బాబూ అంది. అతను బస్టాండు దాకా వచ్చి బస్సెక్కించాడు.

ఇక మిగిలిన దారి ఒక్కటే కనపడింది మాధురికి. అసలు పాటనైనా తీయించేస్తే కొత్తగా ఎవరూ తీసుకోలేరు కదా. జెరూషా తను పనిచేసే ఆ ప్రాజెక్టులోనే అర్జీ పెట్టింది. దాని మీద కొన్ని రోజులు చర్చ జరిగింది. మాధురి రోజూ తెరిచి చదివేది. ఎక్కడెక్కడివాళ్ళో, ముఖం తెలియని వాళ్ళు, ఎంతో మర్యాదగా రాశారు. బయట ఎవరో ఇష్టం వచ్చినట్టు వాడుకున్నారని మనం తీసేస్తూ పోతే చివరికి ఏమీ మిగలదు అని ఒకరు. చనిపోయినావిడ ఉంచమంది కదా, ఆమె మాట కూతురి మాట కంటే తక్కువా అని ఇంకొకరు. ఇది చట్టం గొడవ కాదు, ఒక ఇంటి దుఃఖం, తీసేద్దాం అని రాజీవ్ అనే ఆయన రాశాడు. ఆయన మాటే నెగ్గింది. పాట తీసేశారు.

ఆ రోజు మాధురి మనసు కాస్త తేలికపడింది. దుర్గకి ఫోన్ చేసి చెప్పింది కూడా. దుర్గ మంచిదండి అంది.

వారం తిరక్కుండా దుర్గ నుంచే ఫోన్ వచ్చింది. ఆమె కూతురు లావణ్య ఐదో క్లాసు చదువుతోంది. స్కూల్లో అది మా అమ్మమ్మ పాట అని చెప్పిందట. టీచర్లూ పిల్లలూ నమ్మలేదట. ఇంటర్నెట్‌లో వెతికితే ఎక్కడా అమ్మమ్మ కనపడలేదట, గెంతుతున్నవాళ్ళు తప్ప. ఏదో ఒక వీడియోలో ఇది ఫలానా జిల్లా గిరిజనుల పెళ్ళి పాట అని రాసి ఉందట. పిల్ల ఏడ్చుకుంటూ ఇంటికొచ్చిందట.

మాధురి కూడా వెతికింది. నిజమే. అది ఒక తల్లి కొడుకు కోసం ఏడ్చిన ఏడుపని చెప్పే చోటు ప్రపంచం మొత్తానికీ ఒక్కటే ఉండేది. దాన్ని తమ చేతులతోనే మూయించారు. గెంతుళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. నాగరాజు పేరు తప్ప నాగరాజు ఎవరో చెప్పే మాట ఎక్కడా లేదు. పాట కింద వెంకాయమ్మ పేరు ఊడిపోయింది, కొన్నిచోట్ల లైబ్రరీ పేరు కూడా. రామచంద్రరావు గారికి దీన్ని ఎలా వివరించాలో తెలియక మాధురి ఊరుకుంది.

పాట కాపీ తన దగ్గర ఉందని, దుర్గకి పంపుతానని చెప్పింది. దుర్గ తన దగ్గర కూడా ఉందంది. నాకు కాదండి అంది.

"మళ్ళీ పెట్టించండి మేడంగారూ. ఎవరైనా వెతుక్కుంటే దొరకాలి గదా. వాడు ఫలానా అని ఒక్క చోటన్నా ఉండాలి గదా. అమ్మ అందుకే పెట్టమంది."

పెట్టిస్తే మళ్ళీ ఎవరైనా తీసుకుంటారని మాధురి గుర్తు చేసింది.  తీసుకోనీయండి, ఇప్పుడు మాత్రం ఆగిందా ఏంటి అంది దుర్గ.

తీసేయమని అడిగినవాళ్ళే మళ్ళీ పెట్టమని అడగడం జెరూషాకి కష్టమైంది. అయినా అడిగింది. రాజీవ్ ఏమీ అనకుండా తిరిగి పెట్టించాడు. మాధురి ఈసారి కింద రాసే మాటలు చాలా పెద్దగా రాసింది. దయచేసి ఇది శోకమని గమనించండి, దీన్ని వినోదానికి వాడకండి అని రాసి, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. అది వేడుకోలే గానీ ఆజ్ఞ కాదు. ఆ మాట పాటించమని ఎవరినీ అడిగే హక్కు తనకి లేదు. సతీష్ లాంటి మంచి కుర్రాడే అంత వరకూ చదవలేదు. అయినా ఆ మాటని తీసేయకుండా అలాగే ఉంచింది.

మర్నాడు దుర్గకి ఆ సంగతి చెప్పడానికి షెడ్డుకి వెళ్ళింది. కోతలు ముమ్మరంగా ఉన్నాయి. బయట లారీకి సరుకు ఎక్కిస్తున్నారు. లారీ క్యాబిన్‌లో ఆ పాటే మోగుతోంది. ఇంకా వేగంగా చేసినది. ట్రేలు అందించే కుర్రాళ్ళు ఆ తాళానికే చేతులు మార్చుకుంటున్నారు. లోపల దుర్గ కాయలు ఏరుతోంది. ఈ ఏడాది నుంచి మోత మానేసి తల్లి కూర్చునే పనిలో కూర్చుంది. పాట వినపడనట్టే ఏరుతోంది. దెబ్బకాయ ఒక పక్క, మంచికాయ ఒక పక్క.

మాధురి ఫోన్లో పేజీ తెరిచి ఇచ్చింది. దుర్గ చేతులు తుడుచుకుని, కింద రాసిన మాటలు కూడబలుక్కుంటూ చదివింది. అన్న పేరు దగ్గర ఆగింది. తర్వాత పాట పెట్టి, ఫోను ఒక చెవికి గట్టిగా ఆనించుకుని, రెండో చెవిని అరచేత్తో మూసుకుంది. మాధురి బయటికి వెళ్ళి సౌండు తగ్గించమని డ్రైవర్‌ని అడిగింది. అతను మర్యాదగానే తగ్గించాడు. ఎందుకని అడిగాడు. మాధురి చెప్పబోయి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, తలనొప్పిగా ఉందని చెప్పింది.

తిరిగి వచ్చేసరికి దుర్గ ఫోను చెవి దగ్గరి నుంచి దించింది.

"ఇందులో అమ్మ ఊపిరి పీల్చుకోవడం వినపడుద్దండి" అంది. "రారా అన్నాక ఒకసారి ఆగి పీల్చుకుంటది. ఆ డీజే దాంట్లో అది కోసేశారు."

 దుర్గ ఫోను తిరిగి ఇచ్చేసి, కాయల రాశి దగ్గరికి జరిగి కూర్చుంది. బయట లారీ నిండింది. తాడు బిగించారు. కదిలేటప్పుడు డ్రైవర్ మళ్ళీ సౌండు పెంచాడు. వెంకాయమ్మ గొంతు రోడ్డు మలుపు దాకా వినపడుతూ పోయింది.